మూడు వందల పదకొండో పూస

ల్యాబు, మూడో అంతస్తు
జూన్ 9

వదినా,

ఎలా ఉన్నావని అడిగితే "కత్తెరకు పదునుంది, నాకే లేదు" అంటావు కాబట్టి అడగను.

మా ల్యాబును కింది అంతస్తుకు మారుస్తున్నారు. పెద్ద ఫ్రీజరు ఖాళీ చేసే పని నా మెడకు చుట్టారు. రెండు జతల గ్లౌజులు వేసుకున్నా వేళ్లు మొద్దుబారిపోతున్నాయి. పదేళ్ల మంచును గోకుతుంటే ఎక్కడ చూసినా అన్నయ్య చేతిరాతే. పెట్టెల మూతల మీద, అరల అంచుల మీద "పారేయకండి, నన్ను అడగండి" అని రాసి ఉంది. ఆయన పోయి ఏడాదిన్నర అయినా ఎవరూ ఏదీ పారేయలేదు. అడగడానికి మనిషి లేకపోయినా ఆ రాతకు జంకుతున్నారు. నేనూ అంతే, ఒక పెట్టె పట్టుకుని "పారేయనా?" అని పైకే అనేశాను.

అసలు సంగతి చెబుతాను. ఇవాళ నా పెట్టె తీశాను. నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లోది, ఏళ్ల తరబడి ముట్టుకోలేదు. అట్టడుగున నాది కాని గొట్టం ఒకటి దొరికింది. చిటికెన వేలంత ఉంటుంది. దాని మీద అన్నయ్య రాత. "అసలుది" అని.

అదేమిటో నీకు తెలుసు. అన్నయ్య మీద విచారణకు వేసిన కమిటీ వాళ్లు చూపించమని అడిగిన గొట్టం. కరెంటు పోయి ఫ్రీజరు చెడిపోయినప్పుడు నాశనమైందని అన్నయ్య చెప్పిన గొట్టం. నా పెట్టెలోకి ఎలా వచ్చిందో తెలియదు. ఇంకా ఎవరికీ చెప్పలేదు. అందులో ఉన్న బ్యాక్టీరియా ఇంకా బతికుందేమో చూస్తాను.

నీ మరదలు


కుట్టు గది
జూన్ 17

మరదలు పిల్లా,

కత్తెరకు కూడా పదును పోయింది, రాసుకో. స్కూలు యూనిఫాంల రోజులు. తలెత్తితే నీలం గుడ్డ, దించితే నీలం గుడ్డ. నీ ఉత్తరం చదివాక ఒక చొక్కాకు రెండు ఎడమ చేతులు కుట్టాను.

ఫోన్ చేద్దామని తీసి, మళ్లీ పెట్టేశాను. చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను ఏడవకుండా ఉండటానికి నీ మీద కేకలేస్తాను. ఆయన పోయాక మూడు సార్లు అదే జరిగింది కదా. ఉత్తరాలే నయం.

ఒక్కటి అడుగుతాను. ఆ గొట్టంలో ఏముందో చూస్తే మీ అన్నయ్య రాసిన అంకెలు నిజమో కాదో తేలుతుందా? తేలితే నాకు చెప్పు. మెత్తగా చెప్పకు. కమిటీ వాళ్లు మెత్తగానే చెప్పారు. మోసగాడు అన్న మాట ఎక్కడా వాడకుండా "ఫలితాలు నమ్మదగినవి కావు" అని రాసి చేతులు దులుపుకున్నారు. ఉద్యోగం ఊడి, ట్యూషన్ సెంటర్లో పిల్లలకు పాఠాలు చెప్పుకునేటప్పుడు కూడా ఆయన ఒక్క మాట పైకి అనలేదు. ఆయన అబద్ధమాడారో లేదో తెలియకుండానే ఆయనతో ఏడాదిన్నర కాపురం చేశాను. తెలియకుండానే ఆయన లేకుండా ఇంకో ఏడాదిన్నర గడిపాను. ఇక నా వల్ల కాదు.

నా కొలతల పుస్తకంలో ఆయన పేజీ అలాగే ఉంది. మిగతా వాళ్లు లావవుతారు, చిక్కిపోతారు, కొట్టేసి కొత్తవి రాస్తుంటాను. ఆయనవి ఇక మార్చనక్కర్లేదు. సాయంత్రం ఆరున్నరకు గేటు గొళ్లెం చప్పుడవుతుంది. గాలికేనని తెలుసు. తెలిసినా పెడల్ మీది కాలు ఆగిపోతుంది. ఆయన లోపలికి వచ్చేంత సేపు ఆగి, మళ్లీ తొక్కుతాను.

త్వరగా రాయి.

వదిన


ల్యాబు
జూలై 4

వదినా,

పద్దెనిమిది రెట్లు.

ముందు అది రాసేశాను, ఇప్పుడు నెమ్మదిగా చెబుతాను. అన్నయ్య ఏం చేశాడో నీకు ఎవరూ అర్థమయ్యేలా చెప్పి ఉండరు. ఎంజైము అంటే పూసల దండ అనుకో. మన దాంట్లో మూడు వందల నలభై పూసలున్నాయి. ఆ దండ ముడుచుకుని ఉండగా చుట్టుకుంటుంది. ఉండ నడుమ చిన్న గుంట ఉంటుంది. పనంతా జరిగేది ఆ గుంటలోనే. ఒక పదార్థం వచ్చి అందులో కూర్చుంటుంది, రెండు ముక్కలై బయటికి పోతుంది. గుంట అంచున ఉన్న తొంభై రెండో పూసను అన్నయ్య కావాలని మార్పించాడు. పని పద్దెనిమిది రెట్లు వేగంగా జరిగిందని పేపరు రాశాడు. ఆ పేపరు చూసి మిగతా ల్యాబుల వాళ్లు అదే పూస మార్చి చూస్తే ఒకటిన్నర రెట్లు కూడా రాలేదు. అక్కడ మొదలైంది గొడవ.

గొట్టంలో నిద్రపోతున్న బ్యాక్టీరియాను లేపాను. లేచింది. దాన్ని పెంచి, ఎంజైము తీసి, నిన్న పొద్దున వేగం కొలిచే మిషన్లో పెట్టాను. తెర మీద గీత లేచింది. అన్నయ్య పేపర్లో ఉన్న గీతే, అదే వంపు. నా భుజం వెనక ఎవరో వంగి చూస్తున్నట్టు అనిపించింది. ఆయన అలాగే చూసేవాడు, ఊపిరి చెవికి తగిలేలా. తిరిగి చూస్తే స్టూలు తప్ప ఏమీ లేదు. వెనక్కి చూడకుండా మళ్లీ రెండు సార్లు చేశాను. పద్దెనిమిది, పదిహేడున్నర, పద్దెనిమిది.

అన్నయ్య అంకెలు నిజం వదినా. మెత్తగా చెప్పడం లేదు.

ఒక చిక్కు మాత్రం ఉంది. తొంభై రెండో పూస ఒక్కటే మార్చి నేను కొత్తగా చేసుకున్న ఎంజైముకు వేగం రాలేదు. అంటే ఆ ల్యాబుల వాళ్లూ అబద్ధం చెప్పలేదు. గొట్టంలో ఇంకేదో ఉంది. అందులో ఉన్న జీనును, అంటే పూసల వరస రాసి ఉండే చిట్టాను, మొదటి నుంచి చివరి దాకా చదివించడానికి పంపాను.

నీ మరదలు


కుట్టు గది
జూలై 13

బంగారు మరదలా,

నీ ఉత్తరం మిషను మీద పెట్టుకుని ఆ రోజంతా కుట్టాను. అక్షరాల మీద నూనె మరకలయ్యాయి, ఏమీ అనుకోకు. పద్దెనిమిది రెట్లు అంటే ఎంతో నాకు తెలియదు కానీ, ఆ రాత్రి మాత్రం తెల్లవారే దాకా ఒళ్లెరగకుండా నిద్రపోయాను.

నీ చిక్కు సంగతి వింటే నాకేమీ వింతగా లేదు. కోటు వేసుకుని చెయ్యెత్తితే వీపు దగ్గర పట్టేస్తుంది. తెలియని వాళ్లు వీపు విప్పుతారు. తప్పు వీపులో ఉండదు, చంక కోతలో ఉంటుంది. ఇది ఆయనకు ఒకసారి చెబితే "మా ల్యాబుకు వచ్చి ఎంజైములకు కొలతలు తియ్యి" అని నవ్వారు. అప్పట్లో నవ్వేవారు.

ఇప్పుడొక సంగతి. బ్యాంకు ఆవిడ కోటు కోసం పాత ఖాకీ కాగితం చుట్ట విప్పాను. నేను బట్ట మీద పెట్టి గీసుకునే మాదిరి కాగితాలు, నీకు తెలుసుగా. ఒకదాని వెనక మీ అన్నయ్య పెన్సిలు రాత ఉంది. పెద్ద ఉండ, నడుమ చిన్న గుంట, నువ్వు రాసినట్టే. గుంట పక్కన 92. ఆ ఉండ అవతలి అంచున, ఎక్కడో కొసన, 311 అని రాసి నాలుగైదు సార్లు సున్నా చుట్టారు. కాగితం చిరిగేంత గట్టిగా. రెంటికీ మధ్య గీత గీసి కింద "ఇంత దూరం. అయినా ఇదే" అని రాశారు.

కత్తెర పక్కన పెట్టి చాలా సేపు దాని ముందు కూర్చున్నాను. గదిలో ఆయన ఉన్నట్టే అనిపించింది. మూడు వందల పదకొండు అంటే ఏమిటో చెప్పు.

వదిన


ల్యాబు
జూలై 30

వదినా,

జవాబు ఆలస్యమైంది. గదులు మారే హడావిడిలో ఉన్నాను. ఆ అంకె గురించి నాకూ సరిగ్గా తెలియదు. ఏదో పాత లెక్క అయ్యుంటుంది. రిపోర్టు రావాలి. ఆ కాగితం ఎవరికీ చూపించకు. ఆరోగ్యం జాగ్రత్త.

నీ మరదలు


కుట్టు గది
ఆగస్టు 5

మరదలా,

నువ్వు నాకు ఆరోగ్యం జాగ్రత్త అని రాయడం ఇదే మొదటిసారి. ఉత్తరం మొత్తంలో ఒక్క వేళాకోళం లేదు. ఎవరో పక్కన కూర్చుని నీ చేత రాయించినట్టుంది.

నువ్వు దాచావు కాబట్టి నేను దాచింది చెబుతాను. ఆ కాగితం మీద ఇంకో మాట కూడా ఉంది. కింద మూలన, చిన్న అక్షరాల్లో. "చెల్లికి చెప్పకూడదు."

పోయినసారి కావాలనే రాయలేదు. నువ్వే చెబుతావేమోనని చూశాను.

ఏమిటది?

వదిన


ల్యాబు, కింది అంతస్తు
ఆగస్టు 12

వదినా,

రిపోర్టు జూలై ఇరవైనే వచ్చింది. నీకు అబద్ధం రాశాను.

మూడు వందల పదకొండో పూస మారిపోయి ఉంది. ఎవరూ మార్చమనలేదు. జీనును కాపీ తీసేటప్పుడు ఒక్కోసారి ఒక అక్షరం తప్పు పడుతుంది, అలా పడింది. ఆ పూస గుంటకు దూరంగా, ఉండ మరో కొసన ఉంటుంది. అక్కడి పూసలు పని దగ్గరికి రావు కాబట్టి వాటిని మేమెవరం పట్టించుకోలేదు. కానీ గుంట మీద మూత లాంటి మడత ఒకటుంది. కొసన ఆ పూస మారితే పక్క పూస కొద్దిగా జరుగుతుంది, దాని వల్ల ఆ పక్కది జరుగుతుంది, అలా పాకి పాకి చివరికి మూత వదులై చకచకా తెరుచుకుంటుంది. పరీక్షించి చూశాను. అదొక్కటే మారితే మూడు రెట్లు. తొంభై రెండుతో కలిస్తే పద్దెనిమిది.

ఆ కాపీ తీసింది నేనే వదినా. ఏడేళ్ల కిందట, పీహెచ్‌డీలో చేరిన కొత్తలో.

కాపీ తీశాక జీను మొత్తం చదివించి తప్పుల్లేవని చూసుకోవాలి. మన జీనులో వెయ్యి ఇరవై అక్షరాలు. ఒక్కసారి చదివిస్తే ఎనిమిది వందల దాకా వస్తాయి. మిగిలిన తోక కోసం వెనక నుంచి ఇంకోసారి చదివించాలి. పూసకు మూడు అక్షరాల లెక్కన మూడు వందల పదకొండోది తొమ్మిది వందల ముప్పై దగ్గరుంటుంది. ఆ రోజు శుక్రవారం. మర్నాటి నుంచి సెలవులు, స్నేహితులతో ప్రయాణం. ముందు నుంచి చదివించినది చూశాను, తొంభై రెండు సరిగ్గా మారింది. తోకలో ఏముంటుందిలే అనుకుని, రెండో వైపు కూడా చదివించానని నోట్‌బుక్కులో టిక్కు పెట్టేశాను.

ల్యాబు నడిపేది అన్నయ్యే కదా, మిగతా విద్యార్థుల నోట్‌బుక్కుల్ని గీత గీత పరిశీలించేవాడు. నాది తెరవలేదు. "మా చెల్లి రాసింది నేను చూడక్కర్లేదు" అని అందరి ముందూ అనేవాడు. నాకు గర్వంగా ఉండేది.

కమిటీ వేసినప్పుడు ఆ టిక్కు నాకు గుర్తొచ్చింది. అప్పటికి నా థీసిస్ ఇవ్వడానికి రెండు నెలలుంది. అదంతా ఆ ఎంజైము మీదే. అంత దూరంలో పూస ఒకటి మారినా ఏమవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. అన్నయ్యను వాళ్లు మూడు గంటలు ప్రశ్నించిన రోజు నేను బయట బెంచీ మీద కూర్చుని అదే చెప్పుకుంటున్నాను.

గొట్టం మీది తేదీ కూడా నీకు రాయలేదు. అది పోయిందని అన్నయ్య కమిటీకి చెప్పిన మూడో రోజు తేదీ ఉంది. అంటే పోలేదు. అంతకు ముందే తానే మొత్తం చదివించి చూసుకున్నాడు, నీ కాగితం మీది 311 అదే. తప్పు ఎక్కడుందో, ఎవరిదో తెలుసుకున్నాడు. గొట్టం ఇస్తే నా నోట్‌బుక్కు తెరుస్తారు, దొంగ టిక్కు బయటపడుతుంది, నా డిగ్రీ పోతుంది. అందుకే లేదని చెప్పి, కొత్త లేబుల్ అంటించి నా పెట్టెలో దాచాడు. పారేయడానికి చేతులు రాలేదేమో. నేను ఎప్పటికైనా చూస్తాననుకున్నాడేమో. ఆ తర్వాత రోజూ నాతో కలిసి టీ తాగాడు. ఒక్కసారి కూడా వేరేగా చూడలేదు. ఇప్పుడు ఆ చూపులన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి, వాటిని ఎదుర్కోలేకపోతున్నాను.



మరదలు


ఆగస్టు 20

ఉత్తరం చేరింది.

ఆయన పోయిన రోజు పొద్దున ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతాను, తెలియాలి. ట్యూషన్‌కు బయలుదేరుతూ బూట్లు వేసుకుంటున్నారు. నేను అడిగాను. "నిజం చెప్పండి. ఆ అంకెలు మీరు పుట్టించినవేనా?" తలెత్తకుండా "నీకేమనిపిస్తోంది?" అన్నారు. "నాకేమీ అనిపించడం లేదు, నాకు తెలియాలి" అన్నాను. ఇంకో బూటు లేసు కట్టుకున్నారు. "సాయంత్రం మాట్లాడదాం" అని వెళ్లిపోయారు. ఆ సెంటర్ మెట్ల మీద గుండె ఆగిపోయింది.

ఒక్క మాట. "కాదు" అని ఒక్క మాట అంటే చాలు, నేను ఆయన వైపు నిలబడేదాన్ని. ఆ మాట అంటే ఆ తర్వాత నిన్ను గురించి చెప్పాలి కాబట్టి మింగేశారు. నిన్ను కడుపులో పెట్టుకుని కాపాడుకున్నారు. నన్ను మాత్రం ఆయన మీద వేలెత్తిన వాళ్లలో కలిపేశారు. నువ్వు బెంచీ మీద కూర్చున్న ఆ మూడు గంటలూ నేను ఇంట్లో ఆయన కోసం అన్నం మూత పెట్టుకుని కూర్చున్నాను.

నీ మీద ఎంత కోపముందో ఆయన మీదా అంతే ఉంది. ఆయన దొరకరు.

నాకు ఇక రాయకు.


ల్యాబు
సెప్టెంబరు 15

వదినా,

రాయొద్దన్నావు. క్షమించమని అడగడానికి రాయడం లేదు. నువ్వు తేల్చాల్సినది ఒకటుంది, అది నా చేతుల్లో పెట్టుకోలేను.

డైరెక్టరును కలిసి టిక్కు సంగతి చెప్పేశాను. వచ్చే నెల మూడున కమిటీ మళ్లీ కూర్చుంటుంది. వాళ్ల ముందు నా వాంగ్మూలం చదవాలి, తర్వాత అది అన్నయ్య పేపరు అచ్చేసిన పత్రికకు వెళుతుంది. డిగ్రీ వెనక్కి ఇస్తానని, ఉద్యోగం మానేస్తానని అందులో రాశాను. అది ఎలాగూ మారదు.

మారేది అన్నయ్య గురించి రాసిన భాగం. రెండు రకాలుగా రాశాను, రెండూ దీనితో పెట్టాను. మొదటి దాంట్లో, తప్పు నాదని, అన్నయ్యకు ఏమీ తెలియదని, గొట్టం ఎప్పుడో పొరపాటున నా పెట్టెలో కలిసిపోయిందని ఉంది. దాంతో అన్నయ్య కడిగిన ముత్యంలా బయటికొస్తాడు. రెండో దాంట్లో జరిగింది జరిగినట్టు ఉంది. అంకెలు నిజమే కానీ, ఆయనకు తెలిసి కూడా దాచాడని, కమిటీకి అబద్ధం చెప్పాడని. దాన్ని పట్టుకుని మళ్లీ నాలుగు మాటలు అనే వాళ్లుంటారు. ఇతర ల్యాబుల వాళ్లు మూడేళ్లు వృథా చేసుకున్నారు, వాళ్లకు కోపం వస్తుంది. న్యాయమే.

ఆయనకు తెలుసని చెప్పేవి రెండే ఉన్నాయి. గొట్టం మీది లేబుల్, గోటితో గీకితే పోతుంది. నీ దగ్గరున్న కాగితం. అది నువ్వు పొయ్యిలో వేస్తే మొదటి వాంగ్మూలాన్ని ఎవరూ కాదనలేరు.

నాకైతే ఏది చదవాలో తెలుసు. కానీ ఆయన పేరు మోసేది నువ్వు. నీ మాటే ఖాయం.

మరదలు


కుట్టు గది
సెప్టెంబరు 22

మరదలా,

మొదటిది చదివితే హాయిగా ఉంది. దాచడం ఎందుకు, దాన్ని నాలుగు సార్లు చదువుకున్నాను. రెండోది చించేద్దామనుకున్నాను. పొయ్యి కూడా వెలిగించాను.

మూడు రోజులు ఆ కడిగిన ముత్యంతో కాపురం చేశాను. సాయంత్రం గేటు గొళ్లెం మోగితే కాలు ఆగింది. ఎవరి కోసం ఆపానో తెలియలేదు. నువ్వు రాసిన ఆ మనిషికి ఏమీ తెలియదు, ఆయన ఏమీ దాచలేదు, ఎవరి కోసమూ ఏమీ పోగొట్టుకోలేదు. అలాంటి మనిషి నా ఇంట్లో ఎప్పుడూ లేడు. నా ఇంట్లో ఉన్న ఆయన ఏడాదిన్నర పాటు పళ్లు బిగబట్టి, నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నారు. అది తీసేస్తే నాకు మిగిలేది ఆయన బూట్లే.

అబద్ధమాడారా అని అడిగాను కదా. ఆడారు. ఒక్కటే. ఆ ఒక్కటీ నీ కోసం ఆడారు. నా కోసం ఆడి ఉంటే బాగుండేదని ఇన్నాళ్లూ కుమిలాను, ఇప్పటికీ ఆ మంట చల్లారలేదు. అయినా అది ఆయనదే. దాన్ని ఆయన దగ్గర్నుంచి లాక్కునే హక్కు నీకూ లేదు, నాకూ లేదు. ఇన్నాళ్లు ఆయన్ని ఆడని అబద్ధానికి తిట్టారు. ఇక తిట్టే వాళ్లు ఆడినదానికే తిట్టనీ.

రెండోదే చదువు. లేబుల్ మీద గోరు పెట్టకు. ఖాకీ కాగితం ఇందులో పెట్టాను, మడత దగ్గర చిరగకుండా తీయి.

నిన్ను క్షమించానని అనుకోకు. అనుకుంటే పొరపాటు పడతావు. ముందు ముందు ఏమవుతుందో నాకు తెలియదు.

మూడో తేదీన నేను వస్తున్నాను. నీ పక్కన కూర్చోను, ఎదురుగా కూర్చుంటాను. చదివేటప్పుడు మంచినీళ్లు దగ్గర పెట్టుకో, నా వైపు చూడకు, మధ్యలో మాత్రం ఆపకు. ఆ పొద్దున ఆయన సాయంత్రం మాట్లాడదామని చెప్పి వెళ్లారు. ఆయన చెప్పాల్సినదంతా నీ నోటనైనా పూర్తిగా వినాలి.

వదిన